చెవితో కొన్న స్కిమ్మర్

బెంగళూరు చివర కాడుగోడిలో మేము అద్దెకుంటున్న ఇంట్లో పై అంతస్తు మాది, కింది అంతస్తు ఓనర్ ఆంటీది. ఆవిడకు అరవై దాటాయి. పుట్టిల్లు కోలారు పక్క చింతామణి వైపు. మాట్లాడేది తెలుగే గానీ, కృష్ణా జిల్లాలో నేను విని పెరిగిన తెలుగు కాదు. మేము దిగిన మొదటి వారంలో ఆవిడ మెట్ల దగ్గర నిలబడి, "మోటారు వేసుండాను, మింద నిండినాక బేగ కూగు పాపా" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. కూగడమంటే కన్నడంలో కేక వేయడమని నాకు తెలిసేసరికి ట్యాంకు నిండి, నీళ్ళు గోడ మీదుగా ఆవిడ ఆరేసిన దుప్పట్ల మీదికి కారుతున్నాయి. అలా మొదలైంది మా పరిచయం. నీళ్ళతోనే.

తర్వాతి ఏడాది మా ఆఫీసును వేరే భవనంలోకి మార్చారు. రిసెప్షన్‌లో ఒక ఉప్పునీటి అక్వేరియం ఉండేది, రెండడుగుల పొడవు, సుమారు వంద లీటర్లు. అందులో నారింజరంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపలు రెండు, ఒక రొయ్య, కొన్ని సముద్రపు రాళ్ళు. కొత్త భవనంలో దానికి చోటు లేదు, కావలసినవాళ్ళు తీసుకుపోవచ్చని అడ్మిన్ వాళ్ళు మెయిల్ పెట్టారు. ఆఫీసంతా చదివిన ఆ మెయిల్‌కి జవాబిచ్చింది నేనొక్కదాన్నే. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా ఇతరుల తప్పులు వెతికే ఉద్యోగం కాబట్టి భోజనమయ్యాక ఆ చేపల ముందు అయిదు నిమిషాలు నిలబడటం అలవాటు. చిరాకు ఎక్కువైన రోజు పది నిమిషాలు. ఇంటికి తెచ్చుకుంటే ఎంతసేపైనా నిలబడొచ్చు అనుకున్నాను. వారం వారం ఒక మనిషి వచ్చి ఆ ట్యాంకు బాగోగులు చూసి వెళ్ళేవాడని నాకు తెలియదు. అతను ఆదివారాలు వచ్చేవాడట.

ఇప్పుడు ఆ ఆదివారాలు నావి అయ్యాయి. పదిహేను లీటర్ల పాత నీళ్ళు తీసెయ్యాలి, ఫిల్టరు నీళ్ళలో ప్యాకెట్ ఉప్పు కలిపి కొత్తవి పొయ్యాలి. ఆ పదిహేను లీటర్లు శుద్ధి చేయడానికి ఫిల్టరు ఇంకో ముప్పై లీటర్లు బయటికి వదిలేది. అది ఎండాకాలం. వీధిలో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. ట్యాంకరువాడు ఫోనెత్తితే ఆ రోజు పండగ.

ఒక ఆదివారం బకెట్ పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆంటీ ఎదురైంది.

"యా నీళ్ళు పాపా అవి?"

"చేపల నీళ్ళాంటీ. పారబొయ్యాలి."

"పారబోసేదేమిటికి? కరివేపాకు చెట్టుకు పొయ్యి."

"ఉప్పునీళ్ళాంటీ. చెట్టు చచ్చిపోతుంది."

ఆవిడ నమ్మలేదు. నేను వద్దనేలోపే చూపుడువేలు ముంచి నాలుకకు రాసుకుంది. మొహం అష్టవంకర్లు పోయింది.

"అమ్మమ్మమ్మ! సాంబారులో ఇంత ఉప్పు పడుంటే మా ఇంటాయన అన్నం తట్ట ఎత్తి ఈదిలోకి ఇసిరేసేవాడు!" అని నోరు పుక్కిలించి వచ్చి, తీరిగ్గా కోప్పడింది. "ట్యాంకరు కోసరం నేను పొద్దున్నుంచి ఫోన్లు కొడతాండా. నువ్వు ఈ పక్క సముద్రం చేసి ఆ పక్క పారబోస్తాండావు. ఇది న్యాయమా?"

న్యాయం కాదని నాకూ తెలుసు. అక్వేరియం వాళ్ళ ఇంటర్నెట్ గుంపులో అడిగితే, ప్రొటీన్ స్కిమ్మర్ పెడితే నీళ్ళు మార్చడం చాలావరకు తగ్గుతుందన్నారు. అంత చిన్న ట్యాంకుకు అదెందుకు, హాయిగా నీళ్ళు మార్చుకోక అని ఒకాయన అన్నాడు. ఆయన ఫొటోలో వెనకాల పెద్ద సరస్సు ఉంది. ఆయన మాట పక్కన పెట్టాను.

"స్కిమ్మరా? అదేమి?" అంది ఆంటీ.

"పప్పు ఉడికేటప్పుడు పైన తెట్టు కడుతుంది కదాంటీ, గరిటెతో తీసేస్తాం. ఇది కూడా అలాంటిదే. నీళ్ళలోకి సన్నటి బుడగలు వదులుతుంది. చేపల మురికంతా ఆ బుడగలకు అంటుకుని నురగై పైకి తేలి కప్పులో పడుతుంది. మనం కప్పు పారబోస్తే చాలు."

"అంటే గరిటెకు కరెంటు పెట్టుండారా?"

"అంతే."

"అయితే కొను. నీళ్ళు మిగులుతాయి కదా."

కొనడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ల్యాప్‌టాప్ తెరిచి పట్టిక వేశాను. అయిదు వేలు దాటకూడదని గీత గీసుకుని, ఆ గీత లోపల దొరికే పదకొండు రకాలను వరసగా పెట్టాను. ఎత్తు, వెడల్పు, ఎన్ని లీటర్ల ట్యాంకుకు పనికొస్తుంది, ఎన్ని వాట్లు, కొన్నవాళ్ళు మెచ్చుకున్నారా తిట్టారా, అన్నిటికీ గడులు. పచ్చ, పసుపు, ఎరుపు రంగులు కూడా వేశాను. మా ఆయన ఇంటి నుంచే పని చేస్తాడు. భుజం మీంచి తొంగి చూసి, "మనం ఇల్లు వెతికినప్పుడు ఇంత చెయ్యలేదు" అన్నాడు. నిజమే. ఇల్లు ఒక్క సాయంత్రంలో ఖాయం చేశాం. ఇంత శ్రద్ధగా వేసిన పట్టికలో శబ్దానికి ఒక గడి పెట్టాలని మాత్రం నాకు తట్టలేదు.

అన్నిటికన్నా చవకైనది తెప్పించాను. చిన్న చెక్కముక్క రంధ్రాల్లోంచి గాలి ఊది బుడగలు పుట్టించే రకం. గాలి కోసం పక్కన వేరే పంపు. స్విచ్ వెయ్యగానే ట్యాంకు మొత్తం సోడా గ్లాసులా తెల్లబడిపోయింది. చేపలు రెండూ రాళ్ళ వెనక్కి పరుగెత్తాయి. బుడగలు పైకొచ్చి పగులుతూ ఉప్పుతుంపర గోడ మీదికి చిమ్మింది. రెండో రోజుకల్లా గోడ మీద తెల్లటి పొర కట్టింది. కప్పులో చుక్క పడలేదు.

శబ్దం సంగతి మా ఆయన మీటింగులో బయటపడింది. "బెంగళూరులో వాన పడుతోందా?" అని అవతలివాళ్ళు అడిగారట. ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతున్న రోజు అది. "అవును, జోరుగా" అన్నాడట ఈయన. ఎందుకలా చెప్పావంటే, "స్కిమ్మర్ అంటే ఏమిటో చెప్పాలంటే మీటింగు గంట సాగుతుంది" అన్నాడు. వచ్చిన చిక్కేమిటంటే, మీటింగులో ఉన్న ఇంకొకతనిదీ బెంగళూరే, మారతహళ్ళి. వాన మాట వినగానే మిద్దె మీద ఆరేసిన బట్టలు తీయడానికి పరుగెత్తి, పది నిమిషాలు మీటింగులోంచి మాయమయ్యాడట. తిరిగొచ్చాక ఏమన్నాడో మా ఆయన నాకు చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆంటీ పైకి వచ్చింది. జుట్టు రేగి ఉంది, చెంప మీద దిండు ముడతల అచ్చు ఉంది. నేరుగా ట్యాంకు దగ్గరికి వెళ్ళి, కాలితో నేల మీద తట్టింది.

"సరిగ్గా దీని కింద నా మంచం ఉండాది. అన్నం తిని అట్ల పండుకుంటే నెత్తి మింద చెరుకురసం మిషను తిరుగుతాండాది. మూడు దినాలుగా కన్ను మూయలే."

"సారీ ఆంటీ. చవకది కదా, అందుకే అనుకుంటా. ఇంకోటి చూస్తాను."

"నువ్వు చూసేది చాల్లే. నాకు వినపడాల అది. నేనొస్తా అంగడికి."

మరుసటి శనివారం ఆటోలో బయల్దేరాం. కాడుగోడి మార్కెట్ వెనక సందులో ఒక చేపల అంగడి ఉంది. ముందు గదిలో మంచినీటి చేపలు, లోపలి గదిలో సముద్రపువి. నేను పట్టిక ప్రింటు తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాను. ఆంటీ చేతిసంచిలోంచి ఏదో పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చి ఉంది. దిగాక చూస్తే చెక్కపిడి ఉన్న పెద్ద స్క్రూడ్రైవరు.

"ఇదెందుకాంటీ?" అన్నాను కొంచెం భయంగా.

"మా ఇంటాయనది. పీణ్య ఫ్యాక్టరీలో మోటార్లకు వైండింగ్ కట్టేవాడు కదా. మోటారు బాగుండాదా లేదా అని దీంతోనే చూసేవాడు. ముప్పై ఏండ్లు పక్కన కూచుని చూసుండా. నాకు తెలీదా?"

అంగడాయన యాభై ఏళ్ళ మనిషి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ట్యాంకులో రాళ్ళు సర్దుతున్నాడు. నేను ఫైలు తెరిచి హిందీ, ఇంగ్లీషు కలిపి మొదలుపెట్టాను. ఆయన పట్టికను ఒక నిమిషం చూశాడు. రంగులు బాగున్నాయన్నట్టు తల ఊపి, తెలుగులో అన్నాడు.

"మేడం, డబ్బా మింద రెండొందల లీటర్లని రాసుంటే వంద లీటర్లకు పనికొస్తాదని అనుకోండి. ఇదంతా డబ్బా మింద ఉండేదే మీరు రాసుకోనుండారు. మీ ట్యాంకులో నీళ్ళ లోతెంత?"

"పధ్నాలుగు అంగుళాలు."

"అట్లయితే దీంట్లో ఏడు పట్టవు" అని నా పట్టికలో ఏడు గడుల మీద పెన్సిలుతో గీతలు కొట్టేశాడు. నాలుగు రాత్రులు కూర్చుని వేసిన పట్టిక అది.

ఆంటీ మాత్రం పట్టిక వైపు చూడనేలేదు. ఆయన మాట పట్టుకుంది. "ఏమప్పా, నీది యా ఊరు?"

"చింతామణి దగ్గరమ్మా."

"దగ్గరంటే యాడ?"

ఆయన ఊరు పేరు చెప్పాడు. ఆంటీ మేనత్తను ఇచ్చింది ఆ ఊరికేనట. ఇక అక్కడి నుంచి పావుగంట ఆ ఊరి బావులు, టమోటాల ధర, ఎవరో కట్టిన కల్యాణ మంటపం గురించి మాట్లాడుకున్నారు. నేను ఫైలు పట్టుకుని ఒక పఫర్ చేపను చూస్తూ నిలబడ్డాను. అదీ నన్ను చూస్తూ నిలబడింది.

చివరికి ఆంటీ అసలు సంగతికి వచ్చింది. "ఉండేవన్నీ నీళ్ళలో పెట్టి తిప్పు. వింటా."

ఆయన ప్లాస్టిక్ తొట్టిలో ఉప్పునీళ్ళు పోసి, నా గీతలోపు వచ్చే మూడింటిని వరసగా పెట్టి స్విచ్ వేశాడు. ఆంటీ చెయ్యెత్తింది.

"ఈ తక్కినవన్నీ ఆపు. ఇంత గలాటాలో ఏమి వినపడేది?"

"అమ్మా, అన్నీ ఆపితే చేపలకు గాలుండదు."

"రెండు నిమిషాలు. రెండు నిమిషాలకేమీ కాదు. మీ ఊర్లో కరెంటు పోతే చేపలు చచ్చిపోతాండాయా?"

ఆయన నా వైపు చూశాడు. నేను పఫర్ చేప వైపు చూశాను. ఆయన వెళ్ళి పంపులు, ఫ్యాన్లు, ముందు గదిలో పాడుతున్న రేడియో అన్నీ ఆపేశాడు. అంగడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అప్పుడే లోపలికొచ్చిన ఒకాయన ఎవరో పోయారనుకున్నాడేమో, చెప్పులు విడిచి చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

ఆంటీ స్క్రూడ్రైవరు మొనను మొదటి స్కిమ్మర్ పైభాగానికి, నీళ్ళ పైకి ఉన్న ప్లాస్టిక్ మెడకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ క్షణంలో ఆవిడ నాకు ఓనర్ ఆంటీలా కనిపించలేదు. ముప్పై ఏళ్ళు ఎవరి పక్కనో కూర్చుని నేర్చుకున్న పని ఆ మొహంలో ఉంది.

"ఇది గొణుగుతాది. ఒగ నెల పోతే అరుస్తాది. వద్దు."

రెండోదానికి ఆనించింది. "దీంట్లో ఏదో గట్టిది తగులుతాండాది. టిక్ టిక్ అంటాది. విను." నా చెవికి పిడి ఆనించింది. నాకు నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వినపడిందన్నట్టు తల ఊపాను.

మూడోది పరవాలేదంది. పరవాలేదంటే పగలు పరవాలేదట, మధ్యాహ్నం నిద్రకు పనికిరాదట. మధ్యాహ్నం పగలు కాదా అని నేను అడగలేదు.

రెండు నిమిషాలు అయిదయ్యాయి. అంగడాయన పంపులన్నీ వేయబోతుంటే ఆంటీ మళ్ళీ చెయ్యెత్తింది. ఇంకా ఏదో తిరుగుతోందంది. మూల నుంచి వస్తోంది, సన్నగా. అందరం చెవులు రిక్కించాం. చెప్పులు విడిచినాయన కూడా. మూలన ఒక గుడ్డ కప్పిన ట్యాంకు ఉంది. కొత్తగా వచ్చిన చేపలను వారం పాటు విడిగా ఉంచే ట్యాంకట. దాని మీటకు చెయ్యి అందక అంగడాయన ఆపలేదు. గుడ్డ తీస్తే లోపల ఒక పాత స్కిమ్మర్. కప్పు గోధుమరంగుకు తిరిగింది, మూతకు ఒక చోట పగులు, ఆ పగులుకు టేపు.

ఆంటీ స్క్రూడ్రైవరు ఆనించింది. చాలాసేపు విన్నది. మొనను కొంచెం పక్కకు జరిపి మళ్ళీ విన్నది.

"ఇది తిరుగుతాండాది గానీ నోరు మూసుకోనుండాది. ఇదే కావాల."

"అది అమ్మేది కాదమ్మా. మూడేండ్ల నుంచి నా పనికి పెట్టుకోనుండేది."

"మూడేండ్లు తిరిగి ఇంత మెత్తంగా ఉండాదంటే మోటారు మంచిదని అర్థం. ఇది మా పాపకియ్యి. ఆ గొణిగేది తీసి నువ్వు పెట్టుకో. నీ అంగట్లో గలాటా ఉండనే ఉండాది, నీకు వినపడదు."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పదకొండు రకాలు పోల్చి, రంగులు వేసి, చివరికి టేపు వేసిన పాతదాన్ని కొనడమా? దాని కంపెనీ ఏది, ఎన్ని వాట్లు అని అడిగాను. కంపెనీ పేరు చెరిగిపోయింది. వాట్లు ఆయన మరిచిపోయాడు. "పని చేస్తాది మేడం" అన్నాడు, అంతే. ఉద్యోగంలో ఎవరైనా ఆ ఒక్క మాట చెబితే నేను ఒప్పుకోను. ఆంటీ నా మోచెయ్యి గిల్లింది. ఒప్పుకున్నాను. కొత్తదాని ధరలో సగానికి ఇచ్చాడు, కొత్త కప్పు కూడా పెట్టాడు.

"శబ్దమొచ్చిందనుకో, తెచ్చి నీ దిండు కింద పెడతా" అని చెప్పి ఆంటీ స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చి దాన్ని వెనిగర్‌లో నానబెట్టి కడిగి ట్యాంకులో బిగించాను. ఆంటీ కిందికి వెళ్ళి మంచం మీద పడుకుంది. అయిదు నిమిషాల తర్వాత కింది నుంచి కేక. "వేసుండావా?"

"వేశానాంటీ!"

"నిజంగానా?"

శబ్దం లేదు. అయితే నురగ కూడా లేదు. కడిగిన కొత్తలో నాలుగైదు రోజులు సరిగ్గా నురగ కట్టదని అంగడాయన ముందే చెప్పాడు. ఆంటీకి ఆ ఓపిక లేదు. రోజూ కాఫీ తాగి పైకి వచ్చి, ఖాళీ కప్పు చూసి, "నోరు మూసుకోమంటే పని కూడా మూసేసిందే" అని గొణిగి వెళ్ళేది. అయిదో రోజుకు మెడలో నురగ లేవడం మొదలైంది. ఆరో రోజు మధ్యాహ్నానికి కప్పు అంచు దాకా వచ్చింది. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నురగ పూర్తిగా పడిపోయి ఉంది.

ఏమైందని మా ఆయన్ని అడిగాను. "ఆంటీ వచ్చింది. నురగ అంచు దగ్గర ఆగిపోయిందని, స్కిమ్మర్‌ను కొంచెం కిందికి నొక్కింది" అన్నాడు.

"చెయ్యి లోపల పెట్టిందా?"

"మోచేతి దాకా."

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం ఆంటీ తలకు నూనె పెట్టుకునే రోజు. నూనె చుక్క తగిలితే నురగ నిలవదు. కిందికి వెళ్ళి, చాలా మెల్లగా, ఎవరి తప్పూ కానట్టు చెప్పాను. చేతులకు నూనె ఉంటే ఇలా అవుతుందట ఆంటీ, నాకూ ఈ రోజే తెలిసింది అన్నాను. ఆవిడ నా అబద్ధాన్ని వెంటనే పట్టేసింది.

"నా చెయ్యి గలీజని చెప్తాండావు."

"అయ్యో, అది కాదాంటీ…"

"సరి సరి. నేనింక మిందికి రాను."

మూడు రోజులు రాలేదు. కాఫీ వేళకు మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వినపడకపోతే నాకేమీ తోచలేదు. వెళ్ళి బతిమాలుకోవాలనీ ఉంది, ఏమని బతిమాలాలో తెలియదు. నాలుగో రోజు పొద్దున చూస్తే కప్పులో రెండు వేళ్ళ ఎత్తున నల్లటి నీళ్ళు ఉన్నాయి. చిక్కటి కషాయంలా, అడుగున మడ్డితో. ఆఫీసుకు ఆలస్యమవుతుందని కూడా చూడకుండా మెట్ల దగ్గరికి పరుగెత్తి గట్టిగా అరిచాను.

"ఆంటీ! నిండింది!"

కింద కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పుల చప్పుడు. ఆవిడ వచ్చింది. చేతులు రెండూ శనగపిండితో రుద్ది కడుక్కున్నట్టున్నాయి, గోళ్ళ సందుల్లో పిండి ఇంకా ఉంది. వచ్చి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని ట్యాంకుకు ఒక అడుగు దూరంలో నిలబడింది. నేను కప్పు విప్పి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. తల వెనక్కి విసిరింది.

"ఉవ్వే! ఈ కంపులోనా అవి ఇన్ని దినాలూ ఉండేది? అయ్యో పాపం!"

ఆ తర్వాత మా మధ్య నూనె మాట రాలేదు. నీళ్ళు మార్చడం నెలకొకసారికి తగ్గింది. కప్పు పారబోసే పని మాత్రం ఆంటీ లేకుండా జరగడానికి వీల్లేదు. ఎంత నిండింది, రంగెలా ఉంది, నిన్నటికన్నా జాస్తా కమ్మియా అని ఆవిడ చూడాలి. వీధిలో వాళ్ళని కూడా పిలుచుకొచ్చేది. ఇస్త్రీ చేసే ఆవిడ వచ్చింది, ఎదురింటి రిటైరు టీచరుగారు వచ్చారు. అందరికీ ముందు కప్పు చూపించేది. చేపలను ఎవరైనా అడిగితేనే.

దసరా సెలవులకు చింతామణి నుంచి ఆంటీ చెల్లెలు వచ్చింది. ఆవిడనీ ఆంటీ పైకి తీసుకొచ్చింది. కప్పు చూసింది, వాసన చూసింది, ముక్కు మూసుకుంది. ట్యాంకు మూలన నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతున్న రెండు చిన్న చేపలను చూసింది. మళ్ళీ కప్పు చూసింది.

"రెండు చేపలకు ఇంతనా? ఇంత గలీజు చేసేవాట్ని ఇంట్లో పెట్టి సాకేదేమిటికక్కా?"

ఆంటీ మొహం ఎర్రబడింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను గానీ ఆవిడ నన్ను మాట్లాడనివ్వలేదు.

"నీ ఇంట్లో ఎనిమిదిమంది ఉండారు. వాళ్ళకూ ఒగ కప్పు పెట్టి చూడు, ఎంత నిండుతాదో!"

మా ఆయన గదిలోంచి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని నాకు తెలుసు. నేను కప్పు కడిగి తెచ్చి ఆంటీకిచ్చాను. ఆవిడ గోళ్ళు ఒకసారి చూసుకుని, తనే జాగ్రత్తగా బిగించింది.